షమీమ్ చెట్టుకి కాపలా

మా కోడలు శివపార్వతి గంపలగూడెంలో స్కూలు టీచరు. మంచి పిల్లే. కాకపోతే బడిని కూడా స్కూటీ మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చుకుంటుంది. మొన్న శ్రావణంలో ఒక సాయంత్రం గేటు దగ్గర బండి ఆపి, హెల్మెట్ కూడా తియ్యకుండా, "అత్తయ్యా, మనిషి ఎక్కువ క్రూరుడా, ప్రకృతి ఎక్కువ క్రూరమైందా?" అంది. నేను అరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంపుతున్నాను. "ముందా నెత్తి మీద తప్పేలా దించవే తల్లీ, మాట్లాడేదెవరో తెలుస్తుంది" అన్నాను.

పిల్లలకి చర్చా పోటీ పెట్టారట. ఈవిడ న్యాయనిర్ణేత. ముందుగా మా మీద ప్రయోగం చేసి చూసుకుందామని. మా ఆయన అంకారావుగారు మోకాళ్ళకి ఏదో నూనె రాసుకుంటూ, "నన్ను వదిలెయ్యండి" అని లోపలికి పోయాడు. నేను మాత్రం ఠక్కున చెప్పాను. "ప్రకృతే. ఇందులో చర్చేముంది? చాంద్‌బాషా కూతురు షమీమ్ ఎట్లా పోయింది? ఆ పసిదానికి ఏ మనిషి అపకారం చేశాడు?"

"అది ప్రమాదం అత్తయ్యా. మనిషైతే తెలిసి చేస్తాడు" అంది శివపార్వతి.

నాకు ఒళ్ళు మండింది. నాకు కోపం తొందర, మా వీధి మొత్తానికీ తెలుసు. కానీ ఆ రోజు అంత కోపం ఎందుకొచ్చిందో ఒక్క నాకే తెలుసు. అది చెప్పాలంటే ముందు చాంద్‌బాషా సంగతి చెప్పాలి. మధ్యలో అడ్డం రాకుండా వినండి.

పెనుగొలను నుంచి వినగడప వెళ్ళే దారిలో మా మామగారు వేసిన ఆరెకరాల మామిడితోట ఉండేది. ఉండేది అనే అనాలి ఇప్పుడు. బంగినపల్లి, కలెక్టరు కాయ, నాలుగు పెద్దరసాలు, ఈశాన్యం మూల ఒక చిన్నరసం. ఆ తోటకి కాపలాకి చాంద్‌బాషా వచ్చేనాటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు. సొంతిల్లు తిరువూరులోనే. వాళ్ళ నాన్న సైకిలు మీద ఊరూరా తిరిగి గాజులమ్మేవాడు. కొడుక్కి గాజులు పట్టలేదు, చెట్లు పట్టాయి. పెళ్ళయిన కొత్తలో భార్య సుగ్రాబీని తీసుకుని మా తోటలో పాక వేసుకున్నాడు.

వచ్చిన వారానికే నన్ను దొంగని చేశాడు. నిజం. నేను పప్పులోకని రెండు పిందెలు కోసుకుంటున్నా. వెనకనుంచి, "ఏయ్, ఎవరమ్మా అది, దించు చెయ్యి!" అని గావుకేక. తిరిగి చూస్తే బక్కపలచని కుర్రాడు, చేతిలో కర్ర. "తోటగలావిడనయ్యా" అన్నాను కొంగు సర్దుకుని. వాడేమన్నా తగ్గాడా? "అయితే చెప్పి కొయ్యాలక్కా. కాపలా అన్నాక కాపలానే" అన్నాడు. ఇంటికొచ్చి మా ఆయనతో గంటసేపు పోట్లాడాను, వాణ్ణి పంపించెయ్యమని. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజునుంచి నేను అతనికి అక్కని. సుగ్రాబీకి వదినని. నేను తోటలోకి వెళ్ళినప్పుడల్లా గట్టు మీదనుంచే, "బాషా, దొంగ వచ్చిందయ్యోయ్" అని కేకేసేదాన్ని.

ఎట్లాంటి పనివాడనుకున్నారు! కాయ కోతకి వచ్చిందో లేదో చూడటానికి మేం తొడిమ దగ్గర నొక్కి, వాసన చూసి నానా తంటాలు పడేవాళ్ళం. అతను బకెట్టు నీళ్ళల్లో వేసేవాడు. మునిగితే కోత, తేలితే ఇంకో వారం. చివర వలసంచి కట్టిన చిక్కం కర్రతో ఒక్కొక్క కాయా దింపేవాడు, నేల తగలనిచ్చేవాడు కాదు. పాక పక్కన గదిలో వరిగడ్డి పరిచి కాయలు మాగేసేవాడు. నాలుగో రోజు తలుపు తీస్తే ఆ వాసన... ఇప్పుడు మార్కెట్లో పసుప్పచ్చగా మెరుస్తుంటాయి చూడండి, వాటిని ముక్కుకి ఆనించుకున్నా ఏమీ రాదు. ఆ గది తలుపు తీసిన రోజున మా పిల్లలూ, అతని పిల్లలూ గడ్డిలోనే కూర్చుని మోచేతులదాకా రసం కార్చుకుంటూ తినేవాళ్ళు. రంజానుకి సుగ్రాబీ గిన్నెడు సేమ్యా పంపేది. ఉగాదికి నేను పచ్చడి పంపేదాన్ని. "వదినా, ఇంత చేదు తాగి ఏడాదంతా ఎట్లా బతుకుతారు?" అని మొహం చిట్లించి, గ్లాసు మాత్రం ఖాళీ చేసేది. ఎంత బాగుండేవి ఆ రోజులు! 

అతనికి ముందు షమీమ్ పుట్టింది, తర్వాత కొడుకు ముజీబ్. షమీమ్ అచ్చం తండ్రి నోట్లోంచి ఊడిపడ్డట్టుండేది. తొమ్మిదేళ్ళ పిల్ల, ఎంత వాగుడో. నన్ను "రావమ్మత్తా" అని పిలిచేది. చిన్నరసం చెట్టు దానిది. కింది కొమ్మ మీదెక్కి కూర్చుని, "అత్తా, నా చెట్టు కాయ తింటావా, బతిమాలుకో" అనేది. బతిమాలుకునేదాన్ని, ఏం చేస్తాను!

మా వైపు తోటల్లో ఒక పద్ధతి ఉంది. గాలివానకి రాలిన కాయ తోటగలవాడిది కాదు, ఏరుకున్నవాడిది. అందుకే గాలి లేస్తే చాలు చుట్టుపక్కల ఇళ్ళనుంచి ఆడవాళ్ళూ పిల్లలూ గంపలు పట్టుకుని పరుగులు తీసేవాళ్ళు. కాపలా ఉన్నవాడు కూడా ఏమీ అనకూడదు. తొంభై ఎనిమిది వేసవిలో, మధ్యాహ్నం మూడింటప్పుడు, ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది. ఊపేసింది గాలి. అందరితోపాటు షమీమ్ కూడా పరుగెత్తింది. తల్లి వెనక నుంచి పిలుస్తూనే ఉంది. చిన్నరసం పెద్దకొమ్మ విరిగి ఆ పిల్ల మీద పడింది. మేం వెళ్ళేసరికి కొమ్మ పక్కకి లాగారు. ఒళ్ళో కాయలు ఒళ్ళోనే ఉన్నాయి.

మూడో రోజున మా ఆయన గొడ్డళ్ళిచ్చి ఇద్దరిని పంపాడు, ఆ చెట్టు కొట్టెయ్యమని. కన్నతండ్రి కళ్ళెదుట అది ఎట్లా ఉంటుంది చెప్పండి! చాంద్‌బాషా చెట్టుకి అడ్డంగా నిలబడ్డాడు. "దీన్నేమీ చెయ్యొద్దండి. దీనికీ చెయ్యి విరిగింది కదా" అన్నాడు. ఎర్రమట్టీ పేడా కలిపి గాయానికి మెత్తాడు. గోనెపట్టా చుట్టాడు. తాటిమొద్దు ఊతమిచ్చి నిలబెట్టాడు. రెండేళ్ళు ఒక్క పూత లేదు. ఊళ్ళో వాళ్ళు పిచ్చి పట్టిందన్నారు. మూడో ఏడు ఒక పక్క కొమ్మకి పదకొండు కాయలు కాసింది.

అప్పటినుంచి ఏటా ఆ పిల్ల పోయిన తేదీన ఆ చెట్టు కిందే దాని పేరున ఫాతెహా ప్రార్థన చదివించేవాడు. ఆ చెట్టు కాయ ఒక్కటి కూడా అమ్మకానికి వెళ్ళేది కాదు. కోసి, కడిగి, చదివించి, వచ్చిన పిల్లలందరికీ పంచేవాడు. హిందువుల పిల్లలా, సాయిబుల పిల్లలా అని లేదు. నాకూ ఒకటి ఇచ్చేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గాలిని తిట్టగా నేను వినలేదు. తిట్టింది నేను. "ఏం పాపం చేసిందని దాన్ని తీసుకుపోయావు" అని ఆకాశం వంక చూసి శాపనార్థాలు పెట్టింది నేను.

తర్వాత్తర్వాత తోటకి రోజులు మారాయి. తేనెమంచు, పురుగు, ఎన్ని మందులు కొట్టినా పూత నిలవదు. కాయ కోసి మార్కెట్టుకి తీసుకెళితే అడిగే నాథుడుండడు. చుట్టూ అందరూ మామిడి పీకేసి పామాయిల్ వేశారు. మేమూ వేద్దామని పోయినేడు తీర్మానించుకున్నాం. మా ఆయన ఆ మోకాళ్ళతో తోటదాకా నడవలేడు, మా అబ్బాయికి విజయవాడలో ఉద్యోగం. ఆ పనంతా నా నెత్తిన పడింది.

చాంద్‌బాషాని ఇంటికి పిలిచి చెప్పాను. "మీ భూమి, మీ ఇష్టం అక్కా. ఆ మూల చెట్టు ఒక్కటీ ఉంచుతారా?" అన్నాడు. ముప్ఫై ఆరేళ్ళలో అతను నన్ను అడిగింది అదొక్కటే. నేనేమన్నానో తెలుసా? "పిచ్చోడా, అది కూడా అడగాలా? నా ప్రాణం పోయినా దాని జోలికెవడూ రాడు" అన్నాను. అంత గొప్పగా అన్నాను.

మే నెలాఖరున మెషిన్లు దిగాయి. రెండో రోజు మధ్యాహ్నం నేను ఆవకాయ కలుపుతున్నా. మోచేతులదాకా కారం, నూనె. పక్కన పనిమనిషి కూడా లేదు. ఫోను మోగింది. మోచేత్తో నొక్కి, వంగి మాట్లాడాను. మెషిన్ తోలే అతను. "అమ్మగారూ, ఈశాన్యం మూల చెట్టు ఉంచమన్నారంట. అది ఉంటే బండి ఇటు తిరగదండి. మళ్ళీ కాలవ వైపునుంచి చుట్టి రావాలి, రేపటిదాకా పడుతుంది. ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు. కళ్ళల్లో కారం పడి మండుతోంది. జాడీ ఒకపక్క ఒరుగుతోంది. "అడ్డంగా ఉంటే తీసి పారెయ్యవయ్యా, ప్రతిదానికీ నా ప్రాణం తియ్యకు" అన్నాను. పెట్టేశాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. అదీ అబద్ధమే. నేను వెనక్కి తీసుకోగలిగేదాన్ని. చేతులు కడుక్కుని తిరిగి ఫోను చెయ్యటానికి ఎంతసేపు? రెండు నిమిషాలు. కలపటం అయిపోనీ, చేద్దాంలే అనుకున్నాను. అరగంట తర్వాత చేస్తే ఎత్తలేదు, మళ్ళీ చేశాను, ఎత్తలేదు.  కట్టుకున్న చీరతోనే ఆటో ఎక్కి పరుగెత్తాను.

చెట్టు పడి ఉంది. వేళ్ళు ఆకాశానికి తిరిగి ఉన్నాయి. కాయలు చుట్టూ దొర్లిపోయాయి. ఫాతెహాకి ఇంకా నాలుగు రోజులుంది. చాంద్‌బాషా ఆ మొద్దు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. నేను ఏడుపు మొదలెట్టాను. ఏడుపు నిజమే, అందులో కల్తీ లేదు. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఉంచమనే చెప్పాను బాషా, లక్షసార్లు చెప్పాను, ఆ వెధవ విన్నాడు కాదు" అని. అతను తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "మీరేం చేస్తారక్కా. మెషిన్ తోలేవాడికి చెట్టేంటో మొద్దేంటో ఏం తెలుసు? ఏడవకండి, బీపీ పెరుగుద్ది" అన్నాడు. తనే నన్ను ఆటో ఎక్కించాడు. ఆటోవాడికి నెమ్మదిగా తోలమని కూడా చెప్పాడు.

ఏడాది దాటింది. ఆ అబద్ధాన్ని ఏడాదిపాటు మోశాను. అతను ఎప్పటిలాగే ఇంటికొస్తాడు, మా ఆయన మోకాళ్ళ సంగతి అడుగుతాడు, నిమ్మకాయలో మునక్కాయలో ఇచ్చి పోతాడు. వచ్చినప్పుడల్లా నాకు నోట్లో ముద్ద దిగదు. అందుకే ప్రకృతే క్రూరమైందని అంత గట్టిగా అరిచాను కోడలిమీద. ప్రకృతి మీదకి తోసేస్తే మనకి నిద్ర పడుతుంది కదా!

శివపార్వతి వదిలే రకం కాదు. "బాషా బాబాయ్‌గారినే అడుగుదాం పదండి, ఆయనకంటే ఎవరు చెప్తారు?" అంది. వద్దన్నాను. అంత బాధపడినాయన్ని ఇదేం అడగటమే అన్నాను. నాకు తలనొప్పన్నాను. వినదే! ఆదివారం పొద్దున నన్ను స్కూటీ వెనక ఎక్కించుకుని తిరువూరులో వాళ్ళింటికి తీసుకెళ్ళింది.

చాంద్‌బాషా గుమ్మం ముందు నీడలో కూర్చుని మామిడి మొక్కలకి అంట్లు కడుతున్నాడు. ఈ మధ్య నర్సరీ వాళ్ళకి మొక్కలు కట్టిస్తున్నాడు. మమ్మల్ని చూసి చాప వేశాడు. సుగ్రాబీ, "రా వదినా" అని పొయ్యి మీద టీ పెట్టింది. శివపార్వతి ప్రశ్న చెప్పింది. అతను కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

"నాకేం తెలుసమ్మా, చదువుకున్నోణ్ణి కాదు" అన్నాడు. "గాలి వచ్చేముందు చెప్తుందమ్మా. ఆకాశం నల్లబడుద్ది, పిట్టలు కిందకి దిగుతాయి, గొడ్లు అరుస్తాయి. ఆ రోజు కూడా చెప్పింది. మాకే అర్థం కాలేదు" అన్నాడు.

"మరి మనుషులో బాబాయ్‌గారూ?" అంది ఈ పిల్ల.

"మనుషులు మంచోళ్ళేనమ్మా" అన్నాడు. నన్ను చూసి నవ్వాడు కూడా. "మీ అత్తగారినే తీసుకో. మొదటి రోజు దొంగా అని అరిచాను. అయినా ముప్ఫై ఆరేళ్ళు అన్నం పెట్టింది."

ఇక నావల్ల కాలేదు. ఎట్లా ఊరుకుంటాను? ఎన్నాళ్ళని? "దొంగనే బాషా" అన్నాను. "ఆ చెట్టు తియ్యమన్నది నేనే. మెషిన్ తోలే అబ్బాయి అడిగాడు. నేనే తీసి పారెయ్యమన్నాను. నీ దగ్గర అబద్ధమాడాను." శివపార్వతి నోరు తెరిచి నా వంక చూసింది. సుగ్రాబీ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

చాంద్‌బాషా మొక్కకి చుట్టిన ప్లాస్టిక్ పట్టీ సరిచేసుకున్నాడు. "తెలుసక్కా" అన్నాడు.

"ఏం తెలుసు? ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పొద్దున్నుంచీ ఆ చెట్టు దగ్గరే ఉన్నాను. ఆ అబ్బాయి నా మాట వినట్లేదని, మా అక్కని అడుగు, ఆవిడే చెప్తుంది అని మీకు ఫోను చేయించింది నేనే. మెషిన్ చప్పుడికి వినపడదని వాడు స్పీకరు పెట్టాడు."

 ఏడాదిగా తెలిసీ నా గుమ్మంలోకి వచ్చి, నా మొగుడి మోకాళ్ళ సంగతి అడిగాడు ఈ మనిషి! "మరి ఆ రోజు నన్నెందుకు ఓదార్చావురా? నాలుగు తిట్టకపోయావా? చెయ్యి చేసుకున్నా పడేదాన్ని కదరా!" అని అరిచాను. ముప్ఫై ఆరేళ్ళలో ఎప్పుడూ అతన్ని రా అనలేదు.

"తిడదామనే లేచానక్కా. మీరు ఏడుస్తున్నారు. ఏడ్చేవాళ్ళని ఏం తిడతాం?" అన్నాడు. "దాని పుల్లలు కోసుకొచ్చి నలభై అంట్లు కట్టాను. ఒక్కటీ బతకలేదు. మండుటెండలో కోసిన పుల్ల, పట్టదని నాకు తెలుసు. అయినా కట్టాను."

సుగ్రాబీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అతను మళ్ళీ కత్తి చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ కింద పెట్టాడు. నా మొహంలోకి చూశాడు. అంత సూటిగా అతను నన్నెప్పుడూ చూడలేదు.

"ఒక్క సంగతి అడుగుతాను, నిజం చెప్పండక్కా. తీసి పారెయ్యమన్నప్పుడు, అది షమీమ్ చెట్టని మీకు గుర్తుందా?"

లేదనొచ్చు. చేతులు కారంలో ఉన్నాయి, కళ్ళు మండుతున్నాయి, ధ్యాస లేదు అని చెప్పొచ్చు. అతను ఆ మాట కోసమే చూస్తున్నాడని కూడా నాకు తెలుస్తోంది. కానీ ఆ మనిషి ముందు ఇంకో అబద్ధం ఆడటానికి నాకు నోరు రాలేదు.

"గుర్తుంది బాషా" అన్నాను.

తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

"మర్చిపోయి ఉంటారులే అనుకున్నానక్కా, ఇన్నాళ్ళూ" అన్నాడు.